ముందున్న సున్నా

“ఏ భాషలో రాశావమ్మా?”

రిహానా తలెత్తింది. క్యాంటీన్ బల్లకు అవతల నలభై దాటిన మనిషొకాయన టీ చల్లార్చుకుంటున్నాడు. చొక్కా భుజాల మీద దూది నూగు. ఈ స్పిన్నింగ్ మిల్లులో దూది అంటని మనిషి పొద్దుటినుంచీ ఆమెకు కనబడలేదు.

“పైథాన్‌లోనండీ,” అంది, చేతిలోని ప్రోగ్రాం ప్రింటు కాగితం మడవబోతూ.

“మడవకు. ఏదీ, ఇలా ఇవ్వు, చూస్తా.”

అడిగిన తీరులో ఎంత చనువుందంటే, కాదనబుద్ధి కాలేదు. ఇచ్చేసింది.

ఉద్యోగం ఒక్కటే. నలభై మంది పరీక్ష రాస్తే ఆఖరికి ఇద్దరు మిగిలారు. ఇద్దరికీ ఒకటే పని: ఈ సీజన్‌లో మిల్లుకొచ్చిన పత్తి బేళ్ల జాబితాలో రెండుసార్లు ఎక్కిన నంబర్లు పట్టుకునే ప్రోగ్రాం రాయాలి. ఎవరికొచ్చిన భాషలో వాళ్లు రాయొచ్చు. వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టారు. రెండోవారి ప్రోగ్రాంను భోజనాల ముందే అసలు జాబితా మీద నడిపి చూశారట. రిహానా వంతు రెండున్నరకి. ఈలోపు దిద్దుకుంటే దిద్దుకోవచ్చన్నారు. నమూనాగా ఇచ్చిన యాభై వరుసల మీద బాగానే పనిచేసింది. అయినా భయం పోలేదు.

రెండేళ్లుగా ఎక్కడికెళ్లినా ఆఖరి మెట్టు దగ్గర తిరిగొచ్చేస్తోంది. మార్టూరులో పరుపులు కుట్టే వాళ్ల నాన్న మొహిద్దీన్ బాషాకు దూది దుమ్ము ఊపిరితిత్తులకు పట్టింది. దూదేకే యంత్రం జోలికే వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. “నువ్వు ఓ చోట కుదురుకో తల్లీ, ఆ రోజే మానేస్తా,” అంటాడాయన, దగ్గుతూనే.

“పదకొండు వరుసల్లో తేల్చేశావే!” అన్నాడు అవతలాయన. “నాకొచ్చింది సీ భాష ఒక్కటే. అందులో ఇదే పని ఎలా ఉంటుందో చూడు.”

జేబులోంచి పెన్ను తీసి కాగితం వెనక గబగబా రాసుకుపోయాడు. పేజీ నిండిపోయింది.

“ఎంత పొడుగండీ!” అని నవ్వేసింది రిహానా.

“చాంతాడే. కాకపోతే సీతో ఒకటుంది. ఇది అంకె, ఇది మాట అని ముందే చెప్పాలి. చెప్పకపోతే అడుగు వెయ్యనివ్వదు. బేలు నంబరు అంకె అని నేనిక్కడ చెప్పాను. నువ్వెక్కడ చెప్పావు?”

రిహానా కాగితం ఇటు తిప్పి వెతికింది. “చెప్పలేదండీ. ఫైల్లో ఉన్నది ఉన్నట్టే తీసుకున్నా.”

“అంటే మాటగా తీసుకున్నట్టే. మీ పైథాన్ అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఇప్పుడు ఒక గుమాస్తా 412 అని రాశాడనుకో. అదే బేలుకి ఇంకొకడు 0412 అని రాశాడు. నీకవి ఒకటా, రెండా?”

“రెండండీ,” అంది రిహానా.

“నాకు ఒకటే.”

“అసలు జాబితాలో అలాంటివి ఉంటాయంటారా?”

“ఉండకేం? పదేళ్లుగా ఈ బేళ్ల నంబర్లే చూస్తున్నా. సున్నా పెట్టే అలవాటున్నవాడు పెడుతూనే ఉంటాడు.”

ఆమె పెన్ను అడిగి తీసుకుని, నంబరును అంకెగా తీసుకునేలా ఒకచోట చిన్న దిద్దుబాటు చేసింది. కాగితం ఆయన ముందుకు తోసింది. ఆయన చూసి తలూపాడు.

“నాకు పేజీ పట్టింది, నీకు ఒక్క మాటతో సరిపోయింది. నీ భాషే నయం. లే, టైమవుతోంది.”

పేరైనా అడగకుండా పరుగెత్తింది రిహానా.

అసలు జాబితాలో సున్నాలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. ఆమె ప్రోగ్రాం అరవై మూడు నంబర్లు పట్టుకుంది. మేనేజరు యలమందయ్య గారు రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

“రెండోవారికీ అరవై మూడే వచ్చాయమ్మా. తప్పు పట్టడానికి లేదు. కాకపోతే మీరొక రోజు రాకపోయినా, మీ ప్రోగ్రాం మావాళ్లు చదువుకుని అర్థం చేసుకోగలరు. సోమవారం వచ్చి చేరండి.”

ఆ సాయంత్రమే మొహిద్దీన్ బాషా యంత్రం మీద గోనెపట్టా కప్పేశాడు. సంగతంతా విన్న రిహానా తల్లి ఖాదర్‌బీ, ముక్కూమొహం తెలియని ఆ మనిషి కోసం నమాజు తర్వాత చేతులెత్తి దువా చేసింది.

సోమవారం రిహానా డబ్బా నిండా సేమ్యా తీసుకుని మిల్లుకొచ్చింది. మధ్యాహ్నం దాకా తూకం దగ్గర, గోడౌన్‌లో, కంప్యూటర్ గదిలో వెతికింది. ఆయన ఎక్కడా లేడు. చివరికి క్యాంటీన్‌లో వడ్డించే వెంకటరావమ్మను పట్టుకుంది.

“పిన్నిగారూ, ఆ రోజు నా ఎదురుగా కూర్చుని కాగితం మీద రాసిచ్చారే, ఆయన ఏ సెక్షనండీ? ఆయనే లేకపోతే ఈ ఉద్యోగం నాకు వచ్చేది కాదు. ఒక్క మాట చెప్పుకుందామని.”

వెంకటరావమ్మ గరిటె కింద పెట్టి ఆమెకేసి వింతగా చూసింది.

“ఆయన మన మిల్లు మనిషి కాదు కదమ్మా. ఆ రోజు పొద్దున్నే, మనకు బేళ్లు పంపే జిన్నింగ్ మిల్లు లారీ ఎక్కి వచ్చాడు. నీకెవరూ చెప్పలేదా?”

“ఏమిటండీ?”

“నీతో పోటీకొచ్చిన రెండో మనిషి ఆయనే.”