నీళ్ల పక్క టెంటు

"ఎవురప్పా ఆడ? దీన్ని రోంత తీయండి!"

టెంటు లోపలి నుంచి కేక.

కేశవ పరుగెత్తి జిప్పు లాగాడు. ముసలాయన మోకాళ్ల మీద బయటికి వచ్చాడు.

"జిప్పు లోపలి పక్క గూడా ఉంటాది పెద్దాయనా."

"నాకేం తెల్సప్పా? నా ప్యాంటుకు గూడా గుండీలే."

కేశవ నవ్వాడు. చెరువు గట్టున కానుగ చెట్ల కింద వేసిన ఆ టెంట్లకు కాపలా అతనే, మేనేజరూ అతనే. శని, ఆదివారాలు బెంగళూరు కార్లు వస్తాయి. మిగతా రోజుల్లో మాట్లాడటానికి మనిషి ఉండడు.

ఇవాళ శుక్రవారం. మధ్యాహ్నం ముసలాయన బస్సు దిగి, సంచితో నడిచి వచ్చాడు. నీళ్ల పక్క టెంటే కావాలన్నాడు.

"ఒక్కడివే వస్తివే. ఏం చేస్తావు ఈడ?"

"నీళ్లు చూస్తా."

"నీళ్లు చూసేకి దుడ్లిచ్చేటోన్ని నిన్నే చూస్తాండా."

ముసలాయన నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. టీ తెస్తానంటే వద్దన్నాడు.

"ఈడ బోర్లు పోస్తాండాయా?"

"పోస్తాండాయి."

"వరి నాటినారా?"

"కట్ట కింద నాటినారు. ఏమప్పా, సర్వేకేమన్నా వచ్చినావా?"

ముసలాయన దోసిట్లోకి నీళ్లు తీసుకుని, మళ్లీ చెరువులోకే వదిలాడు.

నాలుగింటికి టెంట్ల యజమాని విజయభాస్కర్ ఫోను చేశాడు.

"కేశవా, పొద్దు మునిగే పాటికి బెంగళూరు పార్టీ వస్తాంది. నీళ్ల పక్క టెంట్లన్నీ వాళ్లకే."

"ఒకదాంట్లో పెద్దాయన ఉండాడు సార్."

"లేపి వెనక్కి పంపు. నీ చేత కాకుంటే చెప్పు, ఇంకోన్ని పెట్టుకుంటా."

కేశవ ఆరేళ్లు బెంగళూరులో ఇటుకలు మోశాడు. రేకుల షెడ్డులో పడుకున్నాడు. చెరువు నిండి, టెంట్లు వెలిశాకే ఊళ్లో ఈ పని దొరికింది. పుట్టింట్లో ఉన్న భార్య గంగాదేవి తిరిగి వచ్చిందీ అప్పుడే. ఈ పని పోతే మళ్లీ రేకుల షెడ్డే.

గట్టు దిగి ముసలాయన దగ్గరికి వెళ్లాడు.

"పెద్దాయనా, నువ్వు వెనక టెంటుకు మారల్ల."

ముసలాయన తిరిగి చూశాడు. ఆ టెంటు చెట్ల అవతల, మరుగుదొడ్ల పక్కన ఉంది.

"ఆడనుంచి నీళ్లు అగపడవు కదప్పా."

"చీకటి పడితే యాడున్నా అగపడవు."

"ఈడుంటే సద్దన్నా ఇనపడతాది."

కేశవ ఫోను వైపు చూసుకున్నాడు.

"టెంటు వాళ్లకే ఇయ్యి. ఈ రాత్రికి గట్టు మింద తుండు పర్చుకుంటా. ఎవురికీ అడ్డం రాను."

"మా సారు ఒప్పుకోడు. నా పని పోతాది."

ఆ మాటకు ముసలాయన లేచాడు.

"పని పోగొట్టుకోవద్దు నాయనా" అన్నాడు. "తిరిగి పొయ్యేకి బస్సుంటాదా?"

"ఐదున్నరకు."

దుడ్లు వాపసు ఇవ్వబోతే తీసుకోలేదు.

"చూస్తి కదా" అని, సంచి భుజాన వేసుకుని నడిచాడు.

పార్టీ వచ్చింది. కుర్చీలు స్పీకరు చుట్టూ వేసుకున్నారు. చెరువు వైపు ఒక్కరి ముఖమూ లేదు.

వంటావిడ హనుమంతమ్మ రొట్టెల గంపతో వచ్చింది. వస్తూనే కేశవ మీద పడింది.

"ఏమిరా, తిప్పయ్యను అట్ల పంపిస్తివి? బస్సు కిటికీలో చూస్తి. పిలిచేలోపల కదిలిపాయె."

"తిప్పయ్య ఎవురు పెద్దమ్మా?"

హనుమంతమ్మ గంప దించింది.

"ఈ చెరువుకు నీళ్లెట్ల వచ్చినాయనుకున్నావు?"

"లీడరు తెప్పించినాడంట కదా. ఫ్లెక్సీ కట్టిండారు."

"దుడ్లుంటే ఫ్లెక్సీ నేనూ కట్టిస్తా. పోయిన ఏడు చెరువు నిండా కంపచెట్లే. నువ్వు బెంగళూర్లో ఉంటివి. ఆడోళ్లమంతా పోయి కాలవ గేటు కాడ కూర్చుంటిమి. మీ చెరువుకు వంతు లేదు పోండనిరి పై ఆఫీసర్లు."

"మళ్ల?"

"ఒక్క మనిషి మా మాట ఇన్యాడు. దానికి ఆయప్ప మింద కేసు పెట్టిరి. ఆ పొద్దు నుంచి మన ఊరి దిక్కే రాలేదు. వస్తే, లంచం ఇచ్చినామని మమ్మల్ని గూడా కేసులోకి లాగుతారని."

స్పీకరు హోరులో మాట వినపడక కేశవ దగ్గరికి జరిగాడు.

"ఆ రాత్రి గేటెత్తి, ఉద్యోగం పోగొట్టుకున్న కాలవ గేట్లు చూసే లష్కరురా ఆయప్ప, తాను ఇడిచిన నీళ్లు యాడికి చేరినాయో ఈ పొద్దే చూసినాడు."