స్క్రీనంటే తెరేనండి

“స్క్రీన్ ఏదండీ?” అన్నారు కల్నల్ వీరరాఘవయ్య.

“ఇదేనండి సార్,” అంటూ ప్రిన్సిపాల్ దక్షిణామూర్తి తాడు లాగారు. గది మధ్యలో వేలాడుతున్న ఆకుపచ్చ తెర బర్రుమని పక్కకి జరిగింది. ఇటువైపు నలభైమంది అబ్బాయిలు, అటువైపు ఎనిమిదిమంది అమ్మాయిలు ఒక్కసారే లేచి సెల్యూట్ కొట్టారు.

కల్నల్ గారు తెరకి అటూ ఇటూ చూశారు. బాపట్ల శివార్లలోని ఆ సైనిక శిక్షణ పాఠశాల పెట్టిన దగ్గర్నుంచీ అబ్బాయిలదే. ఆయన హైదరాబాదు నుంచి వచ్చింది అక్కడ కొత్తగా కట్టిన ‘బ్లెండెడ్ లెర్నింగ్’ గదిని చూసిపోదామని. రెండు వేల ఆరులో ఆ మాట పై ఆఫీసుల్లో అందరి నోటా ఉంది. అర్థం మాత్రం ఎవరూ ఎవర్నీ అడగలేదు.

“నెట్ పెట్టించమన్నాం కదా?”

“అన్ని కిటికీలకీ కొట్టించామండి. ఒక్క దోమ లోపలికొస్తే ఒట్టు.”

“కంప్యూటర్లు?”

“భద్రంగా ఉన్నాయండి. దుమ్ము పడుతుందని అట్టపెట్టెలు విప్పలేదండి.”

కల్నల్ గారు కుర్చీలో కూలబడ్డారు. “అసలు బ్లెండెడ్ లెర్నింగ్ అంటే ఏంటనుకున్నారు మీరు?”

దక్షిణామూర్తి మేజరుగా రిటైరైన మనిషి. తెలియదు అనే మాట సర్వీసులో ఎన్నడూ అనలేదు. “కలిపి చదివించడమండి. ఆడపిల్లల్నీ, మగపిల్లల్నీ.”

“మేస్టారి పాఠాన్నీ కంప్యూటర్ పాఠాన్నీ కలపడమండీ బాబూ!”

ప్రిన్సిపాల్ గారి చూపుడు వేలు వెంటనే గుమ్మం వైపు లేచింది. అక్కడ ఫైలు చంకలో పెట్టుకుని హెడ్ క్లర్కు బర్నబాస్ నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషులో వచ్చిన ఉత్తర్వును మేస్త్రీల కోసం తెలుగులోకి మార్చింది అతనే. ప్రిన్సిపాల్ గారు చదివిందీ ఆ తెలుగే.

“స్క్రీనంటే తెరే కదండీ,” అన్నాడు బర్నబాస్ తల గోక్కుంటూ. “నెట్టంటే దోమల వలనుకున్నానండి. బ్లెండెడంటే కలిసి చదవడమని... మరి ఆడామగా తప్ప కలపడానికి ఇంకేం ఉంటాయండీ? నా ఇంగ్లీషు అంతంత మాత్రమేనండి.”

అబ్బాయిలు కిసుక్కుమన్నారు. కల్నల్ గారు నవ్వలేదు.

“సాయంత్రానికల్లా ఈ అమ్మాయిల్ని ఇళ్లకి పంపించెయ్యండి.”

మొదటి బెంచీలో ఉన్న సంజన మొహం పాలిపోయింది. ఆ పిల్లది నిజాంపట్నం, తండ్రి యలమంద బోటు మీద పనిచేస్తాడు. మూడేళ్లు వరసగా దరఖాస్తు పెట్టింది. మూడుసార్లూ ఆడపిల్లలకి రూలు లేదంటూ తిప్పి పంపారు. ఈ యూనిఫాం ఒంటిమీదికొచ్చి నాలుగు నెలలే అయింది.

“మేమేం తప్పు చేశాం సార్?” సంజన అటెన్షన్‌లో నిలబడే అడిగింది. “మ్యాపు రీడింగులో మొత్తం క్లాసుకి నేనే ఫస్టండి.”

“నీ తప్పు కాదమ్మా. ఆ కాగితానిది.” కల్నల్ గారు బర్నబాస్ వైపు తిరిగారు. “ఇంత ఘోరాన్ని ఆమోదించింది ఎవరయ్యా?”

బర్నబాస్ వినయంగా ఫైలు విప్పాడు. “ఇది ప్రిన్సిపాల్ గారి సంతకమండి. చివరి పేజీలో తమరిదండి.”

కల్నల్ గారు కళ్లజోడు పెట్టుకున్నారు. ‘ఎనిమిదిమంది బాలికలకు ప్రవేశం, మధ్యలో తెర, విడిగా మరుగుదొడ్లు’ అన్న వాక్యం కింద ‘చాలా బాగుంది’ అని ఆయన చేతిరాతే ఉంది.

“దీని కాపీ ఢిల్లీకి వెళ్లిందా?”

“వెళ్లిందండి. మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చిందండి. తమరి పేరు మీదే.”

తప్పు జరిగిందంటే చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకోవాలి. కల్నల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“నిజానికి ఆడపిల్లలు కూడా ఇటు రావాలని మొదట్నుంచీ నా ఉద్దేశమండి.”

“నాదీ అదేనండి సార్,” అన్నారు దక్షిణామూర్తి, ఊపిరి పీల్చుకుని.

అమ్మాయిలు ఉండిపోయారు. సంజన సెల్యూట్ కొట్టింది గానీ కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. కంప్యూటర్ల పెట్టెలు ఆ పూటే విప్పారు.

అయినా ఎవరో ఒకరికి శిక్ష పడకపోతే ఆఫీసు ఎలా నడుస్తుంది? బర్నబాస్‌కి మెమో ఇచ్చారు. ఇంగ్లీషు రానందుకు మూడు నెలలపాటు ప్రతి శనివారం అదే గదిలో పిల్లలతోపాటు కూర్చుని ఇంగ్లీషు నేర్చుకోవాలి. బర్నబాస్ ఆ మెమోని రెండు చేతులా అందుకుని “చిత్తమండి” అన్నాడు.

శనివారం వచ్చింది. ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా చేరిన లలిత టీచర్ తెనాలి నుంచి మొదటి బస్సుకే దిగింది. హాజరు పిలుస్తూ పిలుస్తూ బర్నబాస్ పేరు దగ్గర ఆగి చివరి బెంచీ వైపు చూసింది. పుస్తకం మూసి, దగ్గరికి వెళ్లి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

“మాస్టారూ, డిగ్రీలో మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పింది మీరే కదండీ?”