అందరికన్నా జూనియర్

నోటీసు బోర్డు మీద ఎనిమిది పేర్లున్నాయి. ఎనిమిదోది ఫిట్టర్ రాజలింగుది.

చంద్రపూర్‌లో చిన్న గేజి రైలు లైను తీసి పెద్దది వేస్తున్నారు. ఆవిరి ఇంజన్లతోపాటు వాటిని బాగుచేసే చేతులూ షెడ్డుకు ఎక్కువయ్యాయి. ఎక్కువైనవాళ్ళను ఖరగ్‌పూర్‌కు పంపుతున్నారు.

రాజలింగు భార్య రుక్మిణికి ఏడో నెల. అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. ఈసారి మంచం దిగితే తన పూచీ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో మరో ఆడదిక్కు లేదు.

"నాకంటే జూనియర్ ఉండంగ నా పేరెట్ల వచ్చింది?" యూనియన్ కాగితాలు చూసే గిరిధర్‌ను అతడు నిలదీశాడు.

"జూనియర్ ఎవరో నీకెర్కనే గద."

ఎరుకే. యూనియన్ కార్యదర్శి రామమోహనరావు. బాయిలర్ పనివాడు. విజయనగరం నుంచి నాలుగేళ్ళ కిందట సొంత కోరికపై బదిలీ అయి వచ్చాడు. కోరి వచ్చినవాడికి పాత సర్వీసు ఎంతున్నా, కొత్తచోట సీనియారిటీలో ఆఖరి స్థానమే. అయితే యూనియన్ పదవిలో ఉన్నవాణ్ని బదిలీ చేయకూడదన్నది మరో నిబంధన. దానివల్ల ఆయన మిగిలాడు, రాజలింగు జాబితాకెక్కాడు.

శుక్రవారం షెడ్డు గేటు ముందు జరిగిన యూనియన్ మీటింగులో రాజలింగు లేచాడు.

"సెక్రటరీ సాబ్, మనిద్దర్ల జూనియర్ ఎవరు?"

"నేనే," అన్నాడు రామమోహనరావు.

"మరి ఖరగ్‌పూర్ ఎవరు పోవాలె?"

ఆయన ముందున్న కాగితం తిప్పాడు.

"కుర్చీ సాటుకు దాక్కున్నోనికి నోరెట్ల లేస్తది? ఎక్కడికెల్లో వచ్చి మా నెత్తి మీద గూసున్నరు."

ఎవరో నవ్వారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "తర్వాతి విషయానికి వద్దామండీ," అన్నాడు.

మరుసటి వారం సవరించిన జాబితా వచ్చింది. రాజలింగు పేరు ఉండాల్సిన చోట రామమోహనరావు పేరుంది. పదవికి రాజీనామా ఇచ్చాడట.

"సిగ్గొచ్చి దిగిండు," అని రాజలింగు షెడ్డంతా చెప్పుకున్నాడు.

ఆ షెడ్డులో ఒక ఆచారముంది. బదిలీ అయినవాడి రైలు కదిలేముందు తోటివాళ్ళు పట్టాల మీద పటాకులు పెడతారు. చక్రాల కింద అవి వరసగా పేలడమే వీడ్కోలు.

"ఆయనకెవడు పెడ్తడో నేను గుడ చూస్త," అన్నాడు రాజలింగు.

ఎవరూ పెట్టలేదు. రామమోహనరావు ఎక్కిన రైలు మామూలు రైలులాగే వెళ్ళిపోయింది.

రుక్మిణి ఆడపిల్లను కన్నది. అక్షర అని పేరు పెట్టుకున్నారు. ఆ నెలలోనే నాగ్‌పూర్ యూనియన్ నాయకులు రాజలింగును కార్యదర్శిని చేశారు. గేటు మీటింగులో లేచిన తన గొంతు అంత దూరం వినిపించిందని అతడు సంతోషించాడు.

తర్వాత మరో రెండు జాబితాలు వచ్చాయి. అతనికన్నా సీనియర్లు కూడా మూటాముల్లె కట్టారు. పదవిలో ఉన్నాడు గనుక అతడు కదలలేదు. దాన్ని అతడు నిబంధన అన్నాడు.

మూడో ఏట ఖరగ్‌పూర్ నుంచి గిరిధర్‌కు ఉత్తరం వచ్చింది. రామమోహనరావు చనిపోయాడు.

"సంతాప సభ పెడదామా, అన్నా?"

"ఏం అక్కర లేదు. నాలుగు మాటలంటే కుర్చీ ఇడిసి పారిపోయినోడు."

గిరిధర్ ఉత్తరం మడిచాడు.

"నువ్వా నాలుగు మాటలన్నది శుక్రారం. ఆయన రాజీనామా నా చేతికిచ్చింది అంతకు ముందు సోమారం. నీ పేరున్న లిస్టు పెట్టిన దినమే."



"మరి మీటింగుల ఎందుకు చెప్పలే?"

"నేను గదే అడిగిన. 'చెబితే రాజలింగు ఒప్పుకోడయ్యా, పంతానికైనా రైలెక్కుతాడు. చెప్పకపోతే నాలుగు తిట్టి ఊరుకుంటాడు' అన్నడు."

"నువ్వన్నా చెప్పొద్దా, ఇన్నేండ్లు?"

"తను బతికున్నన్ని దినాలు చెప్పనని నాతోని ఒట్టేయించుకున్నడు."

గిరిధర్ బీరువాలోంచి రాజీనామా నకలు తీసి అతని ముందు పెట్టాడు.

పదవి వదులుతున్నానన్నది అందులో ఒక్క వాక్యమే. మిగిలిన పేజీ అంతా, తన చోట రాజలింగునే కార్యదర్శిగా తీసుకోవాలని, పుట్టబోయే బిడ్డ తండ్రిని ఇకపై ఏ జాబితా తాకకుండా ఉండాలంటే అదొక్కటే దారి అని, నాగ్‌పూర్ నాయకులకు రామమోహనరావు చేసుకున్న ప్రార్థన.