నూట ముప్పై అయిదు గ్రాములు

సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు సక్రి పొయ్యిలో నీళ్లు చల్లింది. బాణలిలో ఇప్పపువ్వు సగమే వేగింది.

భద్రాచలం దుకాణం నుంచి అప్పుడే ఫోన్ వచ్చింది. ఇక ఆమె లడ్డూలు పంపొద్దట. అశ్వారావుపేటలో కొత్తగా తెరిచిన మిఠాయి కొట్టు అవే లడ్డూలు చేస్తోందట. తిన్నవాళ్లకు తేడా తెలియడం లేదట. వీళ్లకూ ఆ కొట్టుకూ అట్టడబ్బాలు వేసే ఇస్మత్, వాళ్ల వంటగది గోడ మీది కొలతల కాగితాన్ని ఫోటో తీసి పంపింది.

కోడలు జ్యోత్స్న చదివింది. పువ్వు ఒక్కటే తవ్వ లెక్కన, మిగతావన్నీ గ్రాముల్లో ఉన్నాయి.

"గ్రాములు మనకెక్కడియి? మనయి గిద్దె, సోల, తవ్వ," అన్నది సువర్ణ. పదేళ్లుగా సక్రి పక్కన కూర్చుని లడ్డూలు చుడుతున్న మనిషి.

"ఎవలో కొలత చెప్పిన్రు, ఆళ్లు తూచుకున్నరు," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ దేవ్లా, సక్రి భర్త. "బయటి మనిషిని పొయ్యి కాడికి రానిస్తే గింతే."

"నన్నేనా బావా?"

"నీ పేరు ఎత్తిన్నా?"

"ఎత్తేదేంది. ఈడ బయటిదాన్ని నేనొక్కదాన్నేనాయె. కోడలు డిగ్రీ చదివింది. గ్రాముల లెక్క దానికెరుక."

"నాకేం అక్కర పిన్నీ?" అన్నది జ్యోత్స్న. "నా ఇంటి పొయ్యి నేనే ఆర్పుకుంటనా?"

"లొల్లి ఆపున్రి. నువ్వులెన్ని రాసిన్రు?" అడిగింది సక్రి.

"తవ్వెడు పువ్వుకు నూట ముప్పై అయిదు గ్రాములు."

సక్రి లడ్డూ రుచంతా నువ్వుల్లో ఉంది. ఎన్ని వేస్తుందో ఎవరూ చూడలేదు. తలుపు మూసుకుని వేస్తుంది.

"డబ్బాలు తూచే కాంటా తెన్రి."

దేవ్లాయే తెచ్చాడు. "తూచు. ఎవలో ఇప్పుడే తేలుతది."

సక్రి కాంటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసింది. కోడలి వైపు తిరిగింది.

"నీకెన్ని గిద్దెలని చెప్పిన?"

"రెండు."

"సువర్ణా, నీకు?"

"నాలుగు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇదేందక్కా, మనిషికో తీరు చెప్పినవ్?"

"నన్ను కన్న యాడి నేర్పింది. అడిగినోళ్లకు లేదనొద్దు, అందరికీ ఒక్కతీరు చెప్పొద్దు అన్నది. ఎన్నడన్న బయటికి పోతే, ఏ దారిన పోయిందో ఎరుకైతది."

ఇత్తడి గిద్దె నిండా నువ్వులు ముంచి, చేత్తో అంచుకు సమం చేసి గిన్నెలో పోసింది. నలభై అయిదు.

రెండో గిద్దె పోసింది. తొంభై. జ్యోత్స్న ఊపిరి పీల్చుకుంది.

సువర్ణ ముందుకు వంగింది. సక్రి మూడో గిద్దె పోసింది.

కాంటా మీద నూట ముప్పై అయిదు కనబడ్డది.

నాలుగో గిద్దె ముంచలేదు.

"గట్లయితే మేమిద్దరం కాదు," అన్నది సువర్ణ. "అసలు లెక్క ఎంతక్కా?"

"మూడు."

"ఎవలికన్న చెప్పినవా?"

చెప్పింది. ఒక్కసారే. పోయిన చలికాలం దవాఖానలో, ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయే ముందు, చెయ్యి పట్టుకుని "నీకేమన్నైతే ఇది నీతోనే పోతది, నాకన్న చెప్పు" అని ఏడ్చిన మనిషికి.

సక్రి తల తిప్పింది.

గుమ్మంలో దేవ్లా లేడు. వాకిట్లో బండి లేదు.