పిట్ట ముట్టలేదు

వాగు ఒడ్డున విస్తరాకులో అన్నం, కోడికూర ఎండిపోతున్నాయి. జమున అత్త బాలవ్వ చనిపోయి మూడో రోజు. కాకి వచ్చి ముట్టందే చుట్టాలెవరూ అన్నం ముట్టరు.

"వదినా, జర నువ్వన్న పిలువరాదు," ఆడబిడ్డ రమ బతిమాలింది.

"నా కూతలు మీ అవ్వకు పడయి గదా," అంది జమున.

పిట్టల్లా కూయడం జమునకు చిన్నప్పటి సరదా. కోడలు ఇంట్లో కూసిందని బాలవ్వ ఒకసారి కాల్చిన అట్లకాడ మూతికి పెట్టింది. పెదవి మీద మచ్చ అట్లాగే ఉంది. ఆ రోజు భర్త సంపత్ టీవీ చప్పుడు పెంచుకున్నాడు.

"ఒక్కసారి కూయవే," అన్నాడు ఇప్పుడు సంపత్.

జమున అరచేతులు నోటికి దొప్పలా పట్టి కూసింది. ఎక్కడెక్కడి కాకులో తుమ్మచెట్టు మీద వాలాయి. ఒకటి కిందికి దిగి, విస్తరి వైపు గెంతింది.

సంపత్ దండం పెట్టాడు. "తినవే అవ్వా. ఇదే ఆఖరు. ఇగ జమునను ఇంట్ల కూయనియ్య. నీ మీదొట్టు."

జమున మళ్లీ కూసింది. ఈసారి పొట్టిగా, గరుకుగా. గద్దను చూస్తే కాకులు అట్లా అరుస్తాయి. కిందికి దిగిన కాకీ ఎగిరిపోయింది, చెట్టంతా ఖాళీ అయింది.

"అయ్యో, గిట్లెందుకు పోయినయి?" రమ ఏడ్చింది.

"మీ అన్న ఒట్టు మీ అవ్వకు నచ్చనట్టుంది."

సంపత్ భార్య మొహంలోకి చూశాడు.

"కూయనిస్తనే. నీ ఇష్టమున్నంత సేపు కూసుకో. ఇప్పుడైతే పిలువు."

జమున కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇగ నాతోని కాదు. పెదవి మండుతుంది."