పసరు గిన్నె

జొన్నలు చెరుగుతుంటే పొట్టు ఎగిరి ఆండాలు కంట్లో పడి రెండు రోజులైంది. కన్ను ఎర్రబడి నీరు కారుతోంది. వెలుతురు చూడలేక పడుకుంది. భర్త కార్వాన్‌లోని కొట్టుకు కూడా వెళ్లకుండా పక్కన కూర్చుని విసురుతున్నాడు.

ఆ కళ్లు చూసే రెండో పెళ్లి చేసుకున్నానని అతను గల్లీ అంతా చెప్పుకున్నాడు. పెద్దభార్య రుక్మాబాయి పక్కన ఎన్నడూ అలా కూర్చోలేదు.

"మస్తు నాటకం," అని గొణుక్కుంది రుక్మాబాయి.

అత్త గిన్నె చేతికిచ్చింది. "గీ ఆకుపసరు దాని కంట్ల పొయ్."

రుక్మాబాయి ఆండాలు రెప్ప ఎత్తి చూసింది. నల్లగుడ్డు మీద నువ్వుగింజంత తెల్లచుక్క. పసరు పోసి ఊరుకుంటే చాలు, ఆ కళ్లను అతను ఇక పొగడడు.

"ఏందక్కా, గట్ల చూస్తున్నవ్?" అంది ఆండాలు.

రుక్మాబాయి లేచి పసరు మోరీలో పారబోసింది.

"ఝట్కా పిలువుండ్రి. ఇప్పుడే దవాఖానకు పోవాలె."

"పసరుతోని తగ్గదా?" అన్నాడు భర్త.

ఎప్పుడూ కొంగు చాటున దాచుకునే ఎడమకన్నును ఆమె అతని ముందు తెరిచింది. అది పువ్వు పూసి తెల్లగా ఉంది.

"నాకు గదే పోసిండ్రు. గందుకే గదా మీరు దీన్ని తెచ్చుకున్నది."