ఎనిమిది డిస్కుల కార్డు

“రెయిడా?” భర్త విజయేందర్ రెయిడ్ కార్డు కావాలని అడగ్గానే మృదుల అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. “పోలీసులొచ్చిన్రా?”

ఆబిడ్స్‌లోని ఆ కంప్యూటర్ దుకాణంలో అందరూ నవ్వారు. యజమాని శ్యామ్‌సుందర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

“వదినా, ఇది పట్టుకునే రెయిడు కాదు, పెట్టుకునే రెయిడు. సర్వర్ల డిస్కులన్నిటినీ ఒక్కటి చేసే కార్డు. అన్నా, ఎన్ని డిస్కులది ఇయ్యాలె?”

“ఎనిమిదింటిది,” అన్నాడు విజయేందర్.

“నాంపల్లిల మీ ఇంటి సర్వర్‌కా? కార్డు కొనమంటే రికార్డు కొడుతున్నవే. ఏం దాస్తవు అందుల?”

“కెమెరాల వీడియోలు,” మృదుల చెప్పింది. “దొంగల భయానికి రెండు పెట్టిచ్చిన్రు. గేటుకొకటి, మెట్లకొకటి.”

“రెండిటికైతే చిన్న కార్డే మస్తు. ఇప్పుడున్న డిస్కే నిండదు గదా.”

“నిండిపోయింది,” అన్నాడు విజయేందర్.

“గట్లెట్ల? నిండాలంటే ఇంకో నాలుగన్న కెమెరాలుండాలె.” శ్యామ్‌సుందర్ మళ్లీ నవ్వాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మృదుల భర్త చెయ్యి వదిలేసింది.

“వంటింట్ల తలుపేసుకొని అక్కతోటి ఫోన్ల మాట్లాడింది మీకెట్ల తెలిసిందో అని నిన్నటి సంది ఆలోచిస్తున్న,” అంది మెల్లగా.

“ఇంట్ల ఏమైతుందో ఇంటాయనకు తెలియొద్దా?” విజయేందర్ గొంతు పెంచలేదు. “పెద్దదే ప్యాక్ చెయ్, శ్యామ్.”

శ్యామ్‌సుందర్ కార్డు ముట్టుకోలేదు.

“భయ్యా,” మృదుల బల్ల మీదున్న ఫోన్ దగ్గరికి జరిగింది. “మా అక్కకు జర ఫోన్ చేసుకోవాలె. గీడ కెమెరాలు లేవు గదా?”